మానవ హక్కుల కమిషనులో ద్రవ్యనిర్వహణ పద్ధతులు: కకిరిగుమ్మ ప్రాంతమునుండి ఒక పరిశీలన

కకిరిగుమ్మ కొరాపుట్ జిల్లా లక్ష్మీపూర్ బ్లాకులోని గ్రామము. కొరాపుట్–రాయగడ రైలుమార్గమున నొక స్టేషను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు ఈ కొండసీమ మదరాసు రాజధానిలోని విశాఖపట్టణపు జిల్లా ఏజెన్సీలో భాగమై యుండెను. రాష్ట్రపు సరిహద్దులు మారినను ఇచ్చటి తెలుగు కుటుంబములు ఇచ్చటనే నిలిచినవి. ఈ ప్రాంతపు సంతలలో తెలుగు, ఒడియా, కువి, దేశియా భాషలు నేటికిని ప్రక్కప్రక్కన వినవచ్చును.

ఇట్టి మారుమూల గ్రామమునకును, ఢిల్లీలోని జాతీయ మానవ హక్కుల కమిషను జమాఖర్చులకును సంబంధమేమి యని కొందరికి సందేహము కలుగవచ్చును. అన్యాయమునకు గురియైన మనుష్యుడు ఒక అర్జీ పంపును. ఆ అర్జీని చదువుటకు, భాషాంతరీకరించుటకు, విచారణాధికారి కొండలెక్కి వచ్చుటకు, సాక్ష్యములు వ్రాసికొనుటకు, పిమ్మట ఉత్తరప్రత్యుత్తరములు సాగించుటకు ధనము కావలెను. ఆ ధనము సకాలమున చేతికందనిచో దూరప్రాంతపు అర్జీయే ముందుగా వెనుకబడును. నగరమునకు సమీపమున నున్న వ్యవహారము తక్కువ వ్యయముతో తీరును గదా! కనుక కమిషను ద్రవ్యనిర్వహణ మారుమూల ప్రజలకే ఎక్కువగా పట్టవలసిన విషయము.

కమిషను స్థాపన

1993 సెప్టెంబరు 28వ తేదీన జారియైన ఆర్డినెన్సు ననుసరించి ఆ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన జాతీయ మానవ హక్కుల కమిషను ఏర్పడెను. ఆర్డినెన్సు స్థానమున వచ్చిన మానవ హక్కుల పరిరక్షణ చట్టమునకు 1994 జనవరి 8వ తేదీన రాష్ట్రపతి ఆమోదము లభించెను. ఒరిస్సాలోని బాణపురమున జన్మించిన జస్టిస్ రంగనాథ మిశ్రా దీనికి ప్రథమాధ్యక్షులు. తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి తరువాతి కాలమున సభ్యులుగా నుండిరి. ఇదే చట్టము క్రింద రాష్ట్రములయందును కమిషనులు ఏర్పడినవి. ఒడిశా రాష్ట్ర కమిషను భువనేశ్వరమున నున్నది. ఒక వ్యవహారము రాష్ట్ర కమిషను ఎదుట నున్నయెడల దానిని జాతీయ కమిషను విచారింపరాదని చట్టము చెప్పుచున్నది. హక్కుల ఉల్లంఘన జరిగిన నాటినుండి ఒక సంవత్సరము దాటిన పిమ్మట విచారణకు అవకాశము లేదు. ఈ గడువును ప్రతి పాఠకుడును గుర్తుంచుకొనవలెను.

ధనము వచ్చు మార్గము

చట్టములోని 32వ విభాగము ధనమును గూర్చినది. పార్లమెంటు ఆమోదించిన పిమ్మట కేంద్రప్రభుత్వము తాను తగునని తలచిన మొత్తమును గ్రాంటుగా కమిషనుకు ఇచ్చును. ఆ గ్రాంటునుండి తన విధుల నిర్వహణకై ఎంత వ్యయము చేయవలెనో కమిషనే నిర్ణయించుకొనును. ఒకే విభాగమున ఇచ్చువారి ఇష్టమును, వ్యయము చేయువారి స్వేచ్ఛయు నిట్లు జంటగా నున్నవి.

ఈ జంటలోనే చిక్కును కలదు. కమిషను విచారించు ఫిర్యాదులలో పోలీసులపైనను, ఇతర ప్రభుత్వాధికారులపైనను వచ్చునవి అనేకములు. అట్టి సంస్థ ప్రతి చిన్న ఖర్చునకు ప్రభుత్వ శాఖ అనుమతికై వేచియుండవలసివచ్చినచో దాని నిష్పాక్షికతకు భంగము కలుగును. కావుననే 1991లో పారిస్ నగరమున రూపొంది, 1993 డిసెంబరు 20వ తేదీన ఐక్యరాజ్యసమితి సాధారణసభ ఆమోదించిన పారిస్ సూత్రములు ఇట్టి సంస్థలకు చాలినంత ధనమును, స్వంత సిబ్బందియు, స్వంత వసతియు నుండవలెననియు, స్వాతంత్ర్యమునకు భంగకరమగు ఆర్థిక నియంత్రణ ఉండరాదనియు నిర్దేశించినవి.

ఇక రెండవ వైపు చూతము. ఈ ధనము ప్రజలు చెల్లించిన పన్నులనుండి వచ్చినది. స్వేచ్ఛ పేరిట లెక్క చెప్పక తప్పించుకొనిన సంస్థకు ఇతరులను లెక్క యడుగు అర్హత యుండదు. కంచెయే చేను మేసినట్లని లోకులనుకొనక మానరు. ఖర్చుకు ముందు ఇతరుల జోక్యము తగ్గవలెను. ఖర్చైన పిమ్మట లెక్క సంపూర్ణముగా బయటపడవలెను. ఈ రెండింటిని కలుపునవే మంచి ద్రవ్యపద్ధతులు.

లెక్కలు, తనిఖీ

చట్టములోని 34వ విభాగము ప్రకారము కమిషను సరియైన లెక్కలుంచి, వార్షిక లెక్కల పట్టికను తయారుచేయవలెను. దానిని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ చేయుదురు. పుస్తకములు, ఓచర్లు, ఇతర పత్రములు తెప్పించుకొను అధికారము వారికి కలదు. తనిఖీయైన లెక్కలు, దానిపై నివేదికయు కేంద్రప్రభుత్వము ద్వారా పార్లమెంటు ఉభయసభల ముందుకు వచ్చును. గ్రాంటులు పొందు స్వయంపాలక సంస్థలకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములు ఒక కాలపట్టికను చూపినవి. దాని ప్రకారము జూన్ 30 నాటికి లెక్కలు తనిఖీకి అందవలెను. డిసెంబరు 31 నాటికి తనిఖీ నివేదికతో సహా పార్లమెంటుకు చేరవలెను. తన స్వంత ధనమును వ్యయపరచునపుడు వివేకవంతుడు చూపు జాగరూకతనే ప్రజాధనము విషయమున అధికారి చూపవలెనని ఆ నియమములు ఉద్ఘాటించుచున్నవి.

2019 నాటి సవరణచట్టము కమిషను ప్రధాన కార్యదర్శికి, అధ్యక్షుని అదుపునకు లోబడి, పరిపాలనాధికారములతోపాటు ఆర్థికాధికారములను గూడ ఒప్పగించెను. బాధ్యత ఎవరిదో ఇందువలన స్పష్టమైనది. అయితే అధికారము ఒకచోట చేరినప్పుడు లోపలి కట్టుబాట్లు మరింత బిగువుగా నుండవలెను.

కొరాపుట్ సీమకు సంబంధించిన ఉదాహరణము

కాలాహండి, బలాంగీర్, కొరాపుట్ అను మూడు పాతజిల్లాలను కలిపి కె.బి.కె. ప్రాంతమందురు. అవియే విభజింపబడి నేడు ఎనిమిది జిల్లాలైనవి. కొరాపుట్, రాయగడ వానిలోనివి. ఈ ప్రాంతమున ఆకలిచావులు జరుగుచున్నవని వచ్చిన పిటిషను విషయమున, 1997లో సుప్రీంకోర్టు పిటిషనుదారులను జాతీయ మానవ హక్కుల కమిషను నాశ్రయింపుమని సూచించెను. కమిషను 1998లో రెండేండ్ల కాలమునకు తాత్కాలిక చర్యలను నిర్దేశించెను. త్రాగునీరు, ప్రాథమిక వైద్యము, నేలకోత నివారణ, సామాజిక భద్రత మున్నగునవి వానిలో చేరినవి. ఆ చర్యలు క్షేత్రమున జరుగుచున్నవో లేవో చూచుటకు కమిషను తన ప్రత్యేక ప్రతినిధిని ఈ ప్రాంతమునకు పంపెను.

ద్రవ్యనిర్వహణ దృష్ట్యా ఈ వ్యవహారమొక ముఖ్య పాఠమును నేర్పుచున్నది. ఒక చెరసాల తనిఖీ కొన్ని దినములలో ముగియును. ఆకలిపై విచారణ సంవత్సరముల తరబడి సాగును. గ్రాంటో ఏటేట వచ్చును. ఆర్థిక సంవత్సరము మార్చి 31తో ముగియును. దీర్ఘకాలపు పర్యవేక్షణకు ముందుగానే ధనమును కేటాయించుకొనని సంస్థ రెండవయేట పర్యటనలను తగ్గించుకొనవలసివచ్చును. ఆ తగ్గుదల ఏ ఆజ్ఞలోను కనబడదు. కొండపైనున్న పల్లెకు మాత్రము తెలియును.

సంస్కరింపదగిన పద్ధతులు

మొదటిది, పనినిబట్టి బడ్జెటు. జీతములు, అద్దెలు, ప్రయాణములు అని మాత్రమే పద్దులు వ్రాసినచో ఏ పనికి ఎంతైనదో తెలియదు. ఫిర్యాదుల పరిష్కారము, క్షేత్రవిచారణ, చెరసాలల సందర్శనము, ప్రజాశిక్షణము అని పనులవారీగా గూడ లెక్క చూపవలెను. అప్పుడే దూరప్రాంత విచారణలకు కేటాయించినదెంతో, వ్యయమైనదెంతో తేటపడును.

రెండవది, బాధ్యతల పుస్తకము. చెల్లించిన సొమ్మునే గాక చెల్లించుటకు ఒప్పుకొనిన సొమ్మును గూడ వ్రాయు పుస్తకమిది. ఉదాహరణకు ప్రయాణముల పద్దున పదిలక్షల రూపాయలున్నవనుకొందము. ఆరు లక్షలు చెల్లించిరి. మూడు లక్షల విలువగల పర్యటనలకు ఆజ్ఞలు వెలువడినవి గాని బిల్లులు రాలేదు. నగదు పుస్తకము నాలుగు లక్షలు మిగిలినవని చూపును. నిజమునకు మిగిలినది ఒక లక్షయే. ఈ భేదమెరుగక క్రొత్త ఆజ్ఞలిచ్చినచో సంవత్సరాంతమున బిల్లులు నిలిచిపోవును. ఎరిగియు భయపడి ఆజ్ఞలాపినచో సొమ్ము మురిగిపోవును.

మూడవది, చేతుల విభజన. మంజూరు చేయువారు, సొమ్ము చెల్లించువారు, పద్దు వ్రాయువారు, సరిచూచువారు వేరువేరుగా నుండవలెను. దేవాలయపు హుండీని పలువురి సమక్షమున తెరచి లెక్కించుట మనవారికి క్రొత్తగాదు. అచ్చట ఎవరిని అనుమానించుటయు లేదు. అనుమానమునకు తావీయకుండుటయే ఆచారముయొక్క ఉద్దేశము. ఏ అధికారి ఎంతవరకు మంజూరు చేయవచ్చునో వ్రాతపూర్వకముగా ప్రకటింపవలెను. అత్యవసర విచారణలకై క్రింది అధికారికి తగినంత అధికారమిచ్చుట గూడ అవసరము.

నాలుగవది, అడ్వాన్సుల పరిష్కారము. చిల్లర ఖర్చులకై తీసికొనిన అడ్వాన్సునకు పదునైదు దినములలో లెక్క చెప్పవలెననియు, చెప్పనిచో జీతమునుండి వసూలు చేయవలెననియు సాధారణ ఆర్థిక నియమములలో నున్నది. ప్రతినెల మొదటి వారమున పెండింగు అడ్వాన్సుల జాబితాను ప్రధాన కార్యదర్శి ముందుంచినచో ఈ నియమము నిజముగా అమలులోనికి వచ్చును.

ఐదవది, అంతర్గత తనిఖీ. ఆడిటర్ జనరల్ వచ్చునాటికి సంవత్సరము గడచిపోవును. మూడు నెలలకొకసారి లోపలనే తనిఖీ జరిగినచో తప్పు చిన్నదిగా నున్నపుడే దిద్దవచ్చును. పూర్వపు అభ్యంతరములలో ఎన్ని తీరినవో, ఎన్ని తీరలేదో చూపు పట్టికయు నుండవలెను.

ఆరవది, పరిహారముల చిట్టా. దీనిని గూర్చి కొంత వివరింపవలెను. హక్కుల ఉల్లంఘన నిజమని తేలినపుడు 18వ విభాగము ప్రకారము కమిషను బాధితునకు గాని, అతని కుటుంబమునకు గాని పరిహారమీయవలెనని ప్రభుత్వమునకు సిఫారసు చేయును. ప్రభుత్వము సామాన్యముగా ఒక నెలలోపల తన అభిప్రాయమును తెలుపవలెను. సొమ్ము చెల్లించునది ప్రభుత్వము గనుక అది కమిషను నగదు పుస్తకమున కనబడదు. అయినను బాధితుని దృష్టిలో కమిషను పని సఫలమగునది సొమ్ము చేతికందిన దినముననే. కనుక సిఫారసు తేదీ, ప్రభుత్వము అంగీకరించిన తేదీ, మంజూరు తేదీ, చెల్లింపు తేదీ, పుచ్చుకొనినవారి రశీదు అను ఐదు గళ్లతో ప్రత్యేకపు చిట్టా నుంచి, దాని సారాంశమును వార్షిక నివేదికలో ప్రకటింపవలెను. ఒకే మనుష్యుని పేరు తెలుగున నొక విధముగా, ఒడియాలో నొక విధముగా, బ్యాంకు పుస్తకమున ఇంకొక విధముగా నుండు సీమలో చెల్లింపు ఏ మెట్టుకడ ఆగినదో తెలిసికొనుటకు ఇట్టి చిట్టా మిక్కిలి ఉపకరించును.

ఏడవది, ప్రకటన. 2005 నాటి సమాచారహక్కు చట్టము 4వ విభాగము ప్రకారము ప్రభుత్వసంస్థలు తమ బడ్జెటును, వ్యయప్రణాళికలను, చెల్లింపుల నివేదికలను ఎవరును అడుగకయే ప్రకటింపవలెను. ఈ ప్రకటన సామాన్యునకు అర్థమగు రీతిని ఒకటి రెండు పుటలలో నుండుట మేలు.

భాషయు నొక పద్దే

కమిషనుకు ఫిర్యాదు చేయుటకు రుసుము లేదు. ఇంగ్లీషు, హిందీలయందే గాక రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషయందైనను ఫిర్యాదు వ్రాయవచ్చును. కావున కకిరిగుమ్మలోని తెలుగువాడు తెలుగుననే, పొరుగువాడు ఒడియాలోనే వ్రాయవచ్చును. కాని కొండలలోని కోందుల కువి భాష ఆ షెడ్యూలులో లేదు. అట్టివారి సాక్ష్యమును తీసికొనుటకు ద్విభాషి అవసరము. అనువాదకులకు, ద్విభాషులకు బడ్జెటులో ప్రత్యేకపు పద్దు లేనియెడల ఈ సౌకర్యము నియమములలో నుండియు అర్జీ మాత్రము బల్లపైన నిలిచిపోవును. అల్పసంఖ్యాక భాషల వారికి రాజ్యాంగము 350-ఎ, 350-బి అధికరణములలో ప్రత్యేక రక్షణ నిచ్చినది. ఆ రక్షణయొక్క భావము కమిషను ఖర్చుల పట్టికలో గూడ ప్రతిఫలింపవలెను.

ఉపసంహారము

పై పద్ధతులలో ఏదియు చట్టసవరణ నపేక్షించునది గాదు. పుస్తకము సక్రమముగా వ్రాయుట, గడువు పాటించుట, లెక్కను ప్రకటించుట అను మూడు అలవాట్లతో ఇవియన్నియు సాధ్యములే. తెలుగు సంఘములు గూడ ఇందు చేయదగినది కలదు. ఫిర్యాదు వ్రాయువారికి తేదీ, స్థలము, జరిగిన విషయము స్పష్టముగా వ్రాయుటలో తోడ్పడవలెను. సంవత్సరపు గడువును తెలుపవలెను. పరిహారము సిఫారసైన చోట అది చేతికందువరకు జాబులు వ్రాయుచుండవలెను. లెక్కల పుస్తకమున కకిరిగుమ్మ పేరుతో ఒక ప్రయాణపు బిల్లు, దాని ప్రక్కన బాధితుని రశీదు కనబడిన నాడు ఆ సంస్థ ఈ కొండలవరకు వచ్చినదని ఇచ్చటివారు నమ్ముదురు.