వెనక బండికి కబురందాలి

1909 నవంబరు 4న, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, బెలాయిట్ దగ్గరి ఒక పొలంలోంచి ఆర్థర్ ప్రాట్ వార్నర్ విమానమెక్కి గాలిలోకి లేచాడు. కర్టిస్ విమానం కొన్నాడు. నడపడం తనంతట తానే నేర్చుకున్నాడు. ఆ రాష్ట్రంలో యంత్రంతో ఎగిరిన మొదటి మనిషిగా చరిత్ర ఆయన్ని గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం ఆయన నేల మీద చేసిన పనే ఎక్కువ ఇష్టం.

వార్నర్‌కి డబ్బు తెచ్చింది కారు స్పీడోమీటరు. అందులో చక్రంతో పాటు తిరిగే ఒక అయస్కాంతం, తనకు ఎక్కడా తగలకుండా ఉన్న లోహపు బిళ్లను తనతో లాగుతుంది. చక్రం ఎంత జోరుగా తిరిగితే లాగుడు అంత ఎక్కువ, ముల్లు అంత పైకి. ఆ వ్యాపారం 1912లో స్టూవర్ట్ కంపెనీతో కలిసిపోయింది. తర్వాత ఆయన మనసు కార్లు లాక్కెళ్లే ట్రెయిలర్ల మీదికి మళ్లింది. 1920ల చివరికి బెలాయిట్‌లో ఆయన ఎలక్ట్రిక్ బ్రేకుల కంపెనీ నడుస్తోంది.

ట్రెయిలర్‌ని ఆపడంలో కష్టం ఎక్కడుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 1,500 కిలోల కారుని 900 కిలోల ట్రెయిలర్ మీద ఎక్కించి, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో ఎస్‌యూవీ లాగుతోందనుకోండి. వెనక బరువులోనే 7,50,000 జౌళ్ల శక్తి ఉంటుంది. ఎస్‌యూవీ కూడా అంతే బరువుంటే, దాని బ్రేకుల నెత్తిన పని రెట్టింపు పడుతుంది. పైగా వెనక బండి ఊరుకోదు, నెడుతుంది. పల్లంలో ఎద్దుల మెడ మీది కాడి కొమ్ముల వైపు జారడం చూసినవాళ్లకు ఆ నెట్టుడు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

యూరప్‌లో ఆ నెట్టుడునే పనికి పెట్టారు. అక్కడ 750 కిలోలు దాటిన ట్రెయిలర్‌కి బ్రేకు ఉండి తీరాలి. ముందు బండి నెమ్మదించగానే ట్రెయిలర్ కొక్కెం లోపలికి జరిగి ఒక కడ్డీని తోస్తుంది, బ్రేకు పడుతుంది. వైరు అక్కర్లేదు. కానీ వెనక్కి నడిపేటప్పుడూ అదే తోపుడు వస్తుంది కాబట్టి, బ్రేకు పడకుండా విడిగా ఏర్పాటు కావాలి.

అమెరికాలో ఎక్కువగా పాతుకున్నది విద్యుత్తు బ్రేకు. దాని లోపలి ఏర్పాటు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. చక్రం డ్రమ్ములో ఒక మీట, దాని కొసన బిళ్లంత విద్యుదయస్కాంతం. కరెంటు రాగానే అది తిరుగుతున్న డ్రమ్ము గోడకు అతుక్కుంటుంది, డ్రమ్ము దాన్ని తనతో ఈడ్చుకుపోతుంది. మీట కదులుతుంది, బ్రేక్ షూలు విచ్చుకుని డ్రమ్మును ఒరుసుకుంటాయి. అయస్కాంతం చేసిందల్లా పట్టుకోవడమే. ఆపే బలం ఆగాల్సిన చక్రం నుంచే వచ్చింది! అందుకే ఒక్కో చక్రానికి 12 వోల్టుల దగ్గర సుమారు 3 ఆంపియర్లు చాలు. పాతకాలపు హెడ్‌లైటు బల్బు అంతకన్నా ఎక్కువ తాగుతుంది. స్పీడోమీటరులో అయస్కాంతం లాగేది, ఇక్కడ డ్రమ్ము అయస్కాంతాన్నే లాగుతుంది. సూత్రాలు వేరైనా, రెంటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే అనిపిస్తుంది నాకు.

అసలు చిక్కు ఇంకోటుంది. డ్రైవరు పెడల్ ఎంత నొక్కాడో ఆ కరెంటు తెచ్చే వైరుకి ఎలా చెప్పాలి? ఆ కబురు మోసేదే కంట్రోలర్. మొదట్లో కారు బ్రేకు నూనె గొట్టానికి ఒక పాయ తీసి, ఆ ఒత్తిడితో కరెంటును పెంచి తగ్గించే రియోస్టాట్ జరిపేవారు. నొక్కినంతకు తగినంత కరెంటు వెళ్లేది. బాగానే ఉండేది గాని, ఏబీఎస్ వచ్చాక ఆ గొట్టాలను కదిలించడం ప్రమాదమైంది. తర్వాత బ్రేకు లైటు వెలగ్గానే కరెంటును మెల్లగా పెంచుకుంటూ పోయే పెట్టెలు వచ్చాయి. వాటికి మెల్లగా ఆగడం, హడలెత్తి ఆపడం రెండూ ఒకటే. ఇవి నాకెప్పుడూ నచ్చలేదు.

లోలకం ఉన్న పెట్టె మేలు. బండి నెమ్మదించేకొద్దీ లోలకం ముందుకు ఊగుతుంది, కరెంటు పెరుగుతుంది. దాన్ని సమంగా బిగించకపోతే మాత్రం లెక్క తప్పుతుంది. ఇప్పుడు లోలకం స్థానంలో యాక్సిలరోమీటరు చిప్పు ఉంది. ఫోను అడ్డం తిప్పితే తెర తిరిగేది ఆ జాతి చిప్పు వల్లే. 2005లో ఫోర్డ్ తన సూపర్ డ్యూటీ ట్రక్కుల్లో కంట్రోలర్‌ని ఫ్యాక్టరీలోనే అమర్చి ఇచ్చింది. బ్రేకు ఒత్తిడి కబురు మళ్లీ నేరుగా అందింది.

కంట్రోలర్ మీద ఒక చేతి మీట కూడా ఉంటుంది. ట్రెయిలర్ తోక అటూ ఇటూ ఊగడం మొదలైతే, ముందు బండి బ్రేకు తొక్కడం ఆ ఊపును ఇంకా పెంచవచ్చు. అప్పుడు చేతి మీటతో వెనక చక్రాలను మాత్రం కొద్దిగా పట్టాలి. వెనక నుంచి బిగపట్టిన తాడులా ట్రెయిలర్ సాగి, దారిలోకి వస్తుంది.

మరి కొక్కెమే ఊడి, వైరు తెగితే? రైళ్లకు ఈ భయం అంతకుముందే అనుభవం. ఇంజనీరు వెస్టింగ్‌హౌస్ 1869లో పేటెంటు తీసుకున్న గాలి బ్రేకులో గొట్టం తెగితే వెనక పెట్టెలకు బ్రేకు ఉండేది కాదు. 1872 నాటికి ఆయన దాన్ని తలకిందులు చేశాడు: గాలి పోతేనే బ్రేకు పడుతుంది. విద్యుత్తు బ్రేకుని అలా తిప్పలేక, ట్రెయిలర్ మీదే చిన్న బ్యాటరీ పెట్టారు. ముందు బండికి కట్టిన తీగ లాగగానే ఒక పిన్ను ఊడుతుంది, బ్యాటరీ బ్రేకులు బిగిస్తుంది. అమెరికా వాణిజ్య వాహనాల నిబంధన ప్రకారం అవి కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలి.

ఇన్ని ఉన్నా, ట్రెయిలర్ బ్రేకు బలం ఎంతో తేల్చాల్సింది డ్రైవరే. పొడిగా, చదునుగా ఉన్న ఖాళీ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, పెడల్ తొక్కకుండా చేతి మీట పూర్తిగా నొక్కాలి. వెనక చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోతే కంట్రోలర్ మీద బలాన్ని చూపే అంకె తగ్గించాలి, బండి నెమ్మదించకపోతే పెంచాలి. చక్రాలు బిగుసుకోవడానికి కాస్త ముందు అంకె దగ్గర ఆపుకోవాలి. ఊరు చేరి కారు దించేశాక, 900 కిలోల ఖాళీ ట్రెయిలర్‌తో వెనక్కి బయల్దేరే ముందు, ఇదంతా మళ్లీ మొదటి నుంచి.