బడి ఆవరణలో వయ్యారిభామ

ఆదివారం ఇంట్లో బాగానే ఉన్న పిల్లవాడు సోమవారం బడి నుంచి రాగానే మెడ, మోచేతి మడతలు బరబర గోక్కుంటున్నాడా? తుమ్ములు, కళ్ల దురద కూడానా? సబ్బు మార్చి, వంకాయ మాన్పించి లాభం లేదు. ఒకసారి బడి ఆవరణ చూసి రండి. క్యారెట్ ఆకులాంటి ఆకు, తెల్లటి చిన్న పూలు కనిపిస్తే అది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అనేదీ దీన్నే.

అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్క 1950లలో పూనా ప్రాంతంలో కనిపించి, దేశమంతా పాకింది. ఇందులోని పార్థెనిన్ చర్మానికి పడదు. పుప్పొడి కొందరిలో ఉబ్బసాన్ని రేపుతుంది. చర్మవ్యాధి పెద్దలలోనే ఎక్కువ, అయినా పిల్లలను వదలదు. దురదకు కనపడిన స్టిరాయిడ్ ఆయింట్‌మెంటు రాయకండి. పిల్లి కూతలు వినిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.

శ్రమదానమని పిల్లల చేత దీన్ని పీకించడం మాత్రం దయచేసి మానండి. తొలి వానలకు నేల మెత్తబడగానే, పూత రాకముందే, పెద్దలే చేతి తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేళ్లతో పీకాలి. ఎలర్జీ ఉన్నవారు దూరంగా ఉండాలి. ఉప్పునీళ్లు చల్లితే మాడుతుంది నిజమే, కాని మొక్కలు నాటబోయే చోట అది వద్దు.

అసలు చిక్కు తరువాత వస్తుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది కనుక, ఖాళీగా వదిలిన జాగాలో మళ్లీ అదే మొలుస్తుంది. ఆ జాగాను మన మొక్కలతో నింపాలి. తాడేపల్లిగూడెం మెట్ట ఎర్రనేలలో తంగేడు, వెంపలి చల్లండి. తంగేడు గింజ పెంకు గట్టిది, వేడినీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి. తంగేడు పెరిగితే పసుపుపచ్చ సీతాకోకచిలుకలు వస్తాయి, పిల్లలకు సరదా. ఏలూరు నల్లరేగడిలో, కొల్లేటి లంకల్లో వానాకాలం నీళ్లు నిలుస్తాయి గదా, అక్కడ కానుగ, తెల్లమద్ది, నేరేడు తట్టుకుంటాయి. కానుగ గింజలు తినేవి కావని మాత్రం పిల్లలకు చెప్పండి. త్వరగా నీడ వస్తుందని కోనోకార్పస్ జోలికి పోకండి. పుప్పొడి భయంతో గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

ఏ నేలకు ఏ మొక్కో తేలకపోతే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ అడగండి. మొదటి రెండేళ్లూ ప్రతి వానకూ మొలిచినదాన్ని మొలిచినట్లు పీకుతుండాలి. ఆ పని చేసినవారు ఇంటికి రాగానే చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కుని, ఆ బట్టలు విడిగా ఉతకాలి.