పేలు, ఈపులు

సెలవులు ముగిసి బాలికలు వసతిగృహములకు మరలివచ్చిన కొలది దినములకే పేలు ఒకరి తలనుండి మఱియొకరి తలకు ప్రాకుట యేటేట జరుగుచున్నదే. అట్టి సమయమున పేనుకంటె నెక్కువగా పిల్లను బాధించునది సిగ్గు. తోడివారు ఆమె చెంత కూర్చుండ నొల్లరు. కొన్నిచోట్ల జడ కత్తిరించుటయు, ఇంటికి పంపివేయుటయు గలదు. ఈ పురుగు బ్రదుకును గూర్చి కొంచెము తెలిసికొన్నచో జడను గాని చదువును గాని పోగొట్టుకొనకయే దీనిని వదలించుకొనవచ్చునని చూపుటకై మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పెరిగిన పేను నువ్వుగింజంత యుండును. పొడవు 2 లేక 3 మిల్లీమీటర్లు. దానికి 6 కాళ్ళు. ప్రతి కాలి చివరను కొక్కెమువంటి గోరు. వెండ్రుకను పట్టుకొనుటకు ఇంతకంటె తగిన పనిముట్టు లేదు. ఱెక్కలు లేవు గనుక ఎగురదు, గంతులును వేయదు. తలయు తలయు తగిలినపుడు మాత్రమే ఒక వెండ్రుకనుండి మఱియొక వెండ్రుకకు ప్రాకిపోవును. ఒకే చాపపై తలలు చేర్చి పండుకొనుట, ఒకే పుస్తకముపై ఇద్దరు వంగి చదువుట దానికి రాజమార్గములు. దినమునకు పలుమార్లు రక్తము పీల్చి జీవించును; తలనుండి జాఱిపడినచో ఒకటి రెండు దినములలో చచ్చును.

మురికిగా నుండువారికే పేలు పట్టునను మాట సరికాదు. శుభ్రమైన వెండ్రుకనైనను పేను అంతే గట్టిగా పట్టుకొనును. సీకాయతో తలంటుకొన్నంత మాత్రమున అది కొట్టుకొనిపోదు.

పేలు ఘోరమైన జ్వరములను వ్యాపింపజేయునని కొందఱు భయపడుదురు. 1909వ సంవత్సరమున ట్యూనిస్ నగరమున షార్ల్ నికోల్ అను ఫ్రెంచి వైద్యుడు టైఫస్ జ్వరము పేనువలన వ్యాపించునని నిరూపించి, 1928లో నోబెలు బహుమానమును పొందిన మాట నిజమే. కాని ఆయన పట్టిన దొంగ బట్టల మడతలలో దాగియుండు దేహపుపేను. తలపేను చేయు కీడు దురద, నిద్రలేమి, గోళ్ళతో గీకినచోట పుండుపడుట, అంతియే.

ఇక గుర్తించుట యెట్లు? దురదనే నమ్ముకొనరాదు. మొదటిసారి పేలుపట్టిన పిల్లకు 4 మొదలు 6 వారములవఱకు దురద పుట్టకపోవచ్చును. అంతలో అవి పిల్లలు పెట్టియుండును. చెవుల వెనుకను, పెడతలయందును వెదకవలయును. అచ్చట వెండ్రుకల మొదళ్ళలో తెల్లగానో గోధుమవన్నెగానో కనబడు చిన్నగింజలే ఈపులు. చుండ్రు ఊదిన రాలును. ఈపి బంకతో అతికింపబడి యుండుటచే గోటితో ఈడ్చినగాని రాదు. తల్లిపేను గ్రుడ్లను చర్మమునకు 6 మిల్లీమీటర్లలోపుననే పెట్టును. వెండ్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటిమీటరు పెరుగును గనుక, చాల దూరముగా నున్న ఈపులు వట్టి పెంకులు. వానిని చూచి బెదరనక్కఱలేదు. కదలుచున్న పేను కనబడినపుడే తలలో పేలున్నవని నిశ్చయింపవలయును.

చికిత్సకు మూలము ఒక లెక్క. గ్రుడ్డు 7 మొదలు 10 దినములకు పగులును. పుట్టిన పిల్ల పెరిగి తాను గ్రుడ్లు పెట్టుటకు మఱి వారము పైన పట్టును. నేడు ఏ మందు పూసినను ప్రాకు పేలు చచ్చునుగాని గ్రుడ్లన్నియు చావవు. అందుచేత 9వ దినమున మరల పూయవలయును: అప్పటికి దాదాపు అన్ని గ్రుడ్లు పగిలియుండును, పిల్లలేవియు తల్లులు కాలేదు. పలువురు మొదటి దినమున పూసి, దురద తగ్గెనని మానివేసి, నెల తిరిగినపిదప ఎవరో మరల అంటించిరని పొరుగుపిల్లను నిందింతురు! పేనుకు పెత్తనమిచ్చిన తలయంతయు కొఱికెనను సామెత యిట్టివారి కొఱకే పుట్టినదేమో.

మందుల అంగడిలో దొరకు నూటికి 1 పాలు గల పర్మెత్రిను ద్రవమును, కడిగి తుడిచిన తడివెండ్రుకలకు పట్టించి 10 నిమిషములైన పిదప కడిగివేయవలయును. పసికందులకు వైద్యుని అడుగక పూయరాదు. పెక్కుదేశములలో పేలు ఈ మందునకు లొంగుట తగ్గినది. అట్టిచోట పేనును కప్పివేసి చంపు డైమెథికోను వాడుదురు.

మందు లేకున్నను దువ్వెన యున్నది. తల బాగుగ తడిపి, కొబ్బరినూనె పట్టించి, పెద్దపండ్ల దువ్వెనతో చిక్కుతీసి, పాయలుగా విడదీసి, సన్నపండ్ల పేలదువ్వెనను చర్మమునకు ఆనించి మొదటినుండి కొసవఱకు లాగవలయును. ప్రతి లాగునకును దువ్వెనను తెల్లగుడ్డపై తుడిచి చూడవలయును. ఇట్లు 1, 5, 9, 13వ దినములందు చేసి, 17వ దినమున తల మరల పరీక్షింపవలయును. అరుగుపై కూర్చుండి మనుమరాలి తలను ఒడిలో పెట్టుకొని పేలు చూచు అవ్వ చేయునది యీ చికిత్సయే. ఆమెకు లేనిది తేదీల లెక్క యొక్కటే.

చేయరాని పనులు కొన్ని కలవు. కిరసననూనె తలకు పూయుట అగ్నికి ఆహుతియగుటకు దారి. పొలముపై చల్లు పురుగులమందు ప్రాణాపాయము. మన గ్రామములలో సీతాఫలపుగింజలు నూఱి తలకు పెట్టు వాడుక గలదు. ఆ పొడి కొంచెము కంటబడినను నల్లగ్రుడ్డుపైని పొర పుండుపడి, భరింపరాని మంట కలుగును. తల కడుగునపుడు అది కంటికి జాఱకుండ ఆపుట యెవరి తరము? దీనిని మానుటయే మేలు.

గదికి పొగవేయ నక్కఱలేదు. గత రెండుదినములలో వాడిన దుప్పటిని, తలగడ గలీబును మిక్కిలి వేడినీళ్ళలో ఉతికినచాలును.

పేలు కనబడిన బాలికను తరగతినుండి పంపివేయుట వ్యర్థము. అవి ఆమె తలలో చేరి అప్పటికే కొన్ని వారములైయుండును. ఆ సాయంకాలము చికిత్స ప్రారంభించి మఱునాడు బడికి రావచ్చును. పలువురి యెదుట ఆమె పేరెత్తక, గదిలోని వారందఱి తలలను ఒకే దినమున చూడవలయును. వార్డెనమ్మగారు తమ తలను ముందుగా చూపించుకొన్నచో, వరుసలో నిలువబడుటకు పిల్లలెవ్వరును సిగ్గుపడరు.