నిద్రపోని గది

2001లో నాచారం పారిశ్రామికవాడలో, అట్టపెట్టెలు తయారుచేసే ఒక కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. "ఏం పనే?" అని అడిగింది అమ్మమ్మ. "సర్వర్ చూసుకోవాలి అమ్మమ్మా" అన్నాను. ఆమెకు తెలిసిన సర్వర్ ఉడిపి హోటల్లో ఉండేవాడు. భుజాన తువ్వాలుతో నాలుగు బల్లల మధ్య తిరుగుతూ, ఇడ్లీ ఎవరిదో, సాదా దోశ ఎవరిదో గుర్తుపెట్టుకుని, ఎవరి ప్లేటు వాళ్ల ముందు పెట్టేవాడు. "మంచిదేలే, నలుగురికీ అడిగింది పెట్టే పని" అంది. అది వేరు, ఇది వేరు అని అప్పట్లో విడమరిచి చెప్పాను. ఇన్నేళ్లు ఆ పనిలోనే ఉన్నాక, సర్వర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పుడు అమ్మమ్మ మాటే చెబుతున్నాను.

అడిగినవాళ్లకు అడిగింది అందించడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే కంప్యూటరే సర్వర్. అడిగే వైపున్న ఫోన్‌ను, ల్యాప్‌టాప్‌ను, ఏటీఎంను క్లయింట్ అంటారు. హోటల్లో మనం వంటింట్లోకి వెళ్లి దోశ పోసుకోం. సర్వర్‌కు చెబుతాం, అతను తెస్తాడు. రైల్లో బెర్తు ఉందో లేదో మన ఫోన్‌కు తెలియదు. అది ఎక్కడో ఉన్న సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ తన డేటాబేస్‌లో వెతికి జవాబు పంపుతుంది. సర్వర్లలో మళ్లీ ఎవరి పని వారిది. వెబ్ సర్వర్ పేజీలు అందిస్తుంది, మెయిల్ సర్వర్ ఉత్తరాలు చేరవేస్తుంది, ఫైల్ సర్వర్ ఆఫీసు లెక్కలన్నీ ఒకచోట దాస్తుంది. డీఎన్‌ఎస్ సర్వర్, మనం టైప్ చేసిన పేరు చూసి దాని అంకెల చిరునామా చెబుతుంది.

మామూలు కంప్యూటర్ ఈ పని చేయలేదా అంటే, చేస్తుంది. 1990 చివర్లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ నడిపిన మొట్టమొదటి వెబ్ సర్వర్, బల్ల మీద పెట్టుకునే నెక్స్ట్ కంప్యూటరే. తెలియక ఎవరైనా ఆపేస్తారేమోనని, ఇది సర్వర్, ఆఫ్ చేయొద్దు అంటూ ఎర్ర సిరాతో రాసిన చీటీ దానికి అంటించారు. ఆ సంగతి తెలియకముందే నేనూ మా సర్వర్ గది స్విచ్‌బోర్డు దగ్గర అలాంటి చీటీ తెలుగులో, హిందీలో రాసి పెట్టాను. రాత్రి ఊడ్చేవాళ్లు ఫ్యాన్ స్విచ్చనుకుని రెండుసార్లు ఆపేశారు మరి.

ఉప్పల్ రింగురోడ్డులో ఒక పొద్దుట

సర్వర్ల పని చూడాలంటే డేటా సెంటర్‌కు వెళ్లనక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నిలబడితే చాలు. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైలు మొదలైంది. ఆ రైళ్లన్నింటినీ కనిపెట్టుకుని ఉండే ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్ ఇక్కడే, ఉప్పల్ డిపోలో ఉంది. ఏ రైలు ఎక్కడుందో, ముందున్న రైలుకు ఎంత ఎడంలో ఉందో సీబీటీసీ అనే సిగ్నలింగ్ పద్ధతిలో రేడియో ద్వారా క్షణక్షణం కంప్యూటర్లకు అందుతూ ఉంటుంది. రైలెక్కే మనకు తలుపు తెరుచుకోవడమే కనిపిస్తుంది.

స్టేషన్ కింద ఇడ్లీ బండి దగ్గర ముప్పై రూపాయలు ఫోన్‌తో కట్టామనుకోండి. ఆ అభ్యర్థన యాప్ వెనకున్న బ్యాంకుకు, అక్కణ్నుంచి ఈ చెల్లింపులను నడిపే ఎన్‌పీసీఐ సంస్థ సర్వర్లకు, ఆపైన మన బ్యాంకుకు, బండివాడి బ్యాంకుకు వెళ్తుంది. మన ఖాతాలో తగ్గించడం, అతని ఖాతాలో కలపడం రెండూ అయ్యాకే అతని బండి మీది స్పీకర్ డబ్బా "ముప్పై రూపాయలు" అని పలుకుతుంది. ఇలా బ్యాంకులను ఒకదానితో ఒకటి కలిపే పనిలో హైదరాబాద్‌కు పాత చరిత్ర ఉంది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే వీలు కల్పించిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో ప్రారంభించింది మాసాబ్ ట్యాంకులోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ. 2009లో అది ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది.

అదే ఉప్పల్ రోడ్డులో ముందుకు వెళ్తే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనాలయం. జన్యుశాస్త్రంలో సర్వర్ చేసే పని అందించడం మాత్రమే కాదు, లెక్క కట్టడం కూడా. ఒక మనిషి జన్యుక్రమంలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. వాటిని ముక్కలుగా చదివి, వరస కలిపి, ఇంకొకరి వరసతో పోల్చడం మనుషుల చేతి పని కాదు.

ఇక మా నాచారం గేటు. 2018 ఏప్రిల్ నుంచి విలువ యాభై వేల రూపాయలు మించిన సరుకు రాష్ట్రం దాటాలంటే, ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. సరుకు ఎక్కించాక కూడా, బిల్లు చేతికొచ్చేదాకా లారీ కదలదు. "అక్కా, ఇంకెంత సేపు? సర్వర్ డౌనా?" అని డ్రైవర్ అడిగినప్పుడల్లా నాకు గుండె గుభేలుమనేది. అతనికి ఆ సాయంత్రం ఊరు దాటకపోతే ఒక రోజు కూలి పోతుంది.

గదిలో ఏముంటుంది

మా నాన్న నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా సైకిల్‌పై ఈసీఐఎల్‌కు వెళ్లేవారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో మొదలుపెట్టిన ఎలక్ట్రానిక్స్ సంస్థ అది. ఏఎస్ రావు నగర్ ఆయన పేరుమీద వెలిసిందే. ట్రాంబేలో రూపుదిద్దుకుని 1969లో దేశం ముందుకొచ్చిన టీడీసీ-12 కంప్యూటర్ ఈసీఐఎల్‌దే. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలని నాన్న చెబుతుంటే చిన్నప్పుడు గుడి అనుకునేదాన్ని.

మా గది గుడి కాదు గానీ, నియమాలు దానికీ ఉన్నాయి. సర్వర్లను ర్యాక్ అనే ఇనుప చట్రంలో బిగిస్తాం. అందులో బిగించే పరికరాల వెడల్పు సాధారణంగా 19 అంగుళాలు. ఎత్తును "యూ" అనే కొలతలో చెబుతాం. ఒక యూ అంటే అంగుళంముప్పావు. మానిటర్, కీబోర్డు ఉండవు. నా బల్ల దగ్గర్నుంచే వాటితో మాట్లాడతాను.

ఇంట్లో కంప్యూటర్‌కూ దీనికీ తేడా వేగంలో కన్నా ఓర్పులో ఎక్కువ. కరెంటు తీసుకునే పవర్ సప్లైలు రెండుంటాయి, ఒకటి పోతే రెండోది మోస్తుంది. మెమరీలో ఒక బిట్టు తప్పుగా మారితే ఈసీసీ మెమరీ దాన్ని తనే పట్టుకుని సరిచేస్తుంది. డిస్కులను రెయిడ్ పద్ధతిలో జతచేస్తాం. ఒకటి చెడిపోతే, సర్వర్ నడుస్తుండగానే దాన్ని లాగేసి కొత్తది పెట్టొచ్చు.

వీటికి పెద్ద శత్రువు వేడి. సర్వర్ తాగిన కరెంటంతా చివరకు వేడిగానే బయటికొస్తుంది. ఒక్కోటి 400 వాట్లు వాడే పది సర్వర్లు ఒక గదిలో ఉంటే, అక్కడ నాలుగు ఇస్త్రీ పెట్టెలు రాత్రింబవళ్లు కాలుతున్నట్టే. ఒక టన్ను ఏసీ తోడగలిగే వేడి మూడున్నర కిలోవాట్లే. కాబట్టి ఒకటిన్నర టన్నుది నడవాలి, ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండటం మంచిది. మే నెలలో బయట 42 ఉంటుంది మనకు. పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టిన 2012లో జనరేటర్ డీజిల్ డబ్బాలు లెక్కపెట్టుకుంటూ గడిపాం.

సర్వర్లు అమ్మేవాళ్లు 99 శాతం నడుస్తుందంటే గొప్పగా అనిపిస్తుంది. లెక్క వేయండి: మిగిలిన ఒక్క శాతం ఏడాదికి మూడున్నర రోజులకు పైనే. 99.9 అయితే ఎనిమిదిన్నర గంటలకు కాస్త ఎక్కువ. 99.99 అయితే దాదాపు 53 నిమిషాలు. ఆ ఒక్కో తొమ్మిది కలపడానికి ఇంకో యంత్రం, ఇంకో లైను, ఇంకో మనిషి కావాలి.

ఆ మంగళవారం రాత్రి

2020 అక్టోబరు 13. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన. ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ కాలనీలు మునిగాయి. రాత్రి పదిన్నరకు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "మేడమ్, నీళ్లు లోపటికొస్తున్నయ్. మీ రూం తలుపు కిందికెల్లి కూడా." మెయిన్ ఆపెయ్యమని చెప్పాను. దాదాపు ఇరవై ఏళ్లలో ఆ గదిని ఆపమని నా నోటితో చెప్పింది ఆ ఒక్కసారే.

గది కింది అంతస్తులో, మెట్ల పక్కన. మర్నాడు వెళ్లేసరికి యూపీఎస్ బ్యాటరీలు బురదలో ఉన్నాయి. ర్యాక్‌లో కింద బిగించిన రెండు సర్వర్లూ మునిగాయి. లెక్కలన్నీ వాటిలోనే. బ్యాకప్ డిస్కు? అదే గదిలో, బీరువా అడుగు అరలో పెట్టాను. అదీ మునిగింది. రెయిడ్ ఉంది కదా అనే ధీమా ఆ రోజు నన్ను కాపాడలేదు. రెయిడ్ ఒక డిస్కు చెడితే ఆదుకుంటుంది. గదికి గదే పోతే ఏమీ చేయలేదు.

కాపాడింది నా హ్యాండ్‌బ్యాగు. శనివారం శనివారం ఇంకో చిన్న డిస్కులో కాపీ తీసి హెచ్ఎంటీ నగర్‌లో మా ఇంటికి తెచ్చుకునేదాన్ని. రెండో అంతస్తులో, బియ్యం డబ్బా పైన ఉండేది. పదో తేదీ శనివారం దాకా అంతా అందులో ఉంది. సోమ, మంగళవారాల బిల్లులు మాత్రం కాగితాలు ఆరబెట్టి, చూసి మళ్లీ ఎక్కించాం. ఒక ఫోల్డరు మాత్రం కాపీలో లేదు. నాలుగు నెలల కిందట దాన్ని వేరేచోటికి మార్చాను, బ్యాకప్‌కు చెప్పడం మరిచాను. కాపీ తీస్తూనే ఉన్నాను గానీ, ఒక్కసారి కూడా తెరిచి చూసుకోలేదు. నూటఅరవై మంది జీతాల పట్టిక అందులో ఉంది. బ్యాంకుకు పంపిన మెయిళ్లలోంచి ఒక్కొక్కటీ ఏరుకుని మళ్లీ తయారుచేశాను.

తర్వాత గదిని మొదటి అంతస్తుకు మార్పించాను. మూడు కాపీలు, రెండు రకాల డిస్కుల మీద, ఒకటి వేరే చోట. ఇది మా వృత్తిలో పాత సూత్రమే. నీళ్లు వచ్చాక గానీ నేను పట్టుబట్టలేదు. నెలకోసారి కాపీలోంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూస్తాను.

క్లౌడ్ కూడా నేల మీదే

ఇప్పుడు మా లెక్కల్లో సగం క్లౌడ్‌కు వెళ్లాయి. క్లౌడ్ అంటే మేఘంలో ఉండేది కాదు, వేరేవాళ్ల గదిలో ఉన్న సర్వర్. ఒక పెద్ద యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో అపార్ట్‌మెంటులో ఫ్లాట్లలా విడగొట్టి అద్దెకిస్తారు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచింది. దాన్ని మూడు అవైలబిలిటీ జోన్లుగా, ఒకదానికొకటి ఎడంగా ఎందుకు కట్టారో చూస్తే, బియ్యం డబ్బా మీది డిస్కు గుర్తొచ్చింది నాకు. అంత పెద్ద సంస్థ అయినా, ఒకేచోట అన్నీ పెట్టుకోకూడదన్న జాగ్రత్త మాత్రం ఒకటే.

సర్వర్ డౌన్ అనే మాటను మనం వానలాగా, ఎండలాగా దైవాధీనం చేసేశాం. కౌంటర్ దగ్గర ఆ మాట వినగానే వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేస్తాం. యంత్రాలు ఆగుతాయి, అది సహజం. ఎంతసేపు ఆగుతాయన్నది మాత్రం ముందు చేసిన ఏర్పాటును బట్టి ఉంటుంది. అందుకే, ఎప్పటికి వస్తుంది, అందాకా కాగితం మీద రాసి తీసుకునే పద్ధతి ఏమైనా ఉందా అని అడగండి. అడగడం మన హక్కు.

మీకొక కిరాణా దుకాణమో, చిన్న స్కూలో, క్లినిక్కో ఉంటే ఈ వారం ఒక్క పని చేయండి. మీ లెక్కల కాపీ ఇంకో ఇంట్లో, ఇంకో ఎత్తులో ఉందేమో చూడండి. ఉంటే దాన్ని తెరిచి, నిన్నటి బిల్లు ఒకటి వెతకండి. దొరక్కపోతే కంగారు పడకండి, వాన రాకముందే తెలిసింది. ఇవాళే సరిచేసుకోండి.