తపాలా బిళ్ళంత కార్డు.. తండ్రికి తప్పిన అప్పు
వైఫై పోయిందని బోర్డుకే ఎసరు పెడుతున్నారు

చార్మినార్: చార్మినార్ నుంచి శాలిబండకు పోయే దారి పక్కన ఓ ఇరుకు సందు. అందులో అద్దె గది. పల్లె నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న కుర్రాడొకడు అక్కడ ఉంటున్నాడు. పత్తి అమ్మిన డబ్బుతో ఇంటివాళ్ళు కొనిచ్చిన పాత ల్యాప్‌టాప్ ఒక్కటే అతని ఆస్తి. పరీక్ష ఫీజు గడువు దగ్గరపడిన వేళ అందులో వైఫై మాయమైంది. చూపించిన మొదటి దుకాణంలో బోర్డు పోయిందని, ఎనిమిది వేలవుతుందని చెప్పారు. కబురు విన్న తండ్రి ఊళ్ళో అప్పు కోసం బయలుదేరాడు.

అప్పు పుట్టకముందే అసలు సంగతి బయటపడింది. పత్తర్‌గట్టీ పక్క గల్లీలో ఒకప్పుడు రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసి ఇప్పుడు కంప్యూటర్లు పడుతున్న ఓ పెద్దాయన దాన్ని చూశాడు. విమానం గుర్తు మీట నొక్కుకుపోయిందా, డ్రైవర్ సరిగా ఉందా అని ముందు చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. యూఎస్‌బీకి పెట్టే చిన్న వైఫై పుల్ల ఒకటి గుచ్చాడు. ఇంటర్నెట్ వచ్చేసింది! "బేటా, బోర్డుకేం కాలేదు. లోపల కార్డు పోయింది" అన్నాడు.

ఆ కార్డు వెడల్పు 22, పొడవు 30 మిల్లీమీటర్లు. అంటే తపాలా బిళ్ళంత. బ్లూటూత్ కూడా సాధారణంగా అందులోనే ఉంటుంది. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన తరం ఇంకా ఊళ్ళలో ఉంది. వైఫై కూడా రేడియో తరంగమే. అయితే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో మరింత భాగానికి 2018లో కేంద్రం లైసెన్సు బెడద తీసేసింది.

కార్డు మార్చడం కన్నా ఎంచుకోవడమే కష్టం. పాత యంత్రాల్లో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే రకం ఉంటుంది, కొత్తవాటిలో ఎం.2 రకం. ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చోదు. కూర్చున్నా పనిచేయనివీ ఉన్నాయి. ఇంటెల్ వారి ఏఎక్స్ 200, ఏఎక్స్ 201 చూడండి. పేరులో ఒక్క అంకె తేడా. 200 రకం ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు రెండింటికీ నడుస్తుంది. 201 రకం మాత్రం దానికి తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న యంత్రంలోనే నడుస్తుంది, ఏఎండీ యంత్రంలో కదలదు. కుర్రాడిది ఏఎండీ. ఎవరో చవకగా ఇస్తామన్న 201 కొని ఉంటే ఆ డబ్బూ గంగపాలే.

ఇంకో మెలిక ఉంది. కొన్ని పాత థింక్‌ప్యాడ్‌లు, హెచ్‌పీలు తమ జాబితాలో లేని కార్డు పెడితే ఒప్పుకోవు. థింక్‌ప్యాడ్ అయితే తెరపై 1802 అని చూపి అక్కడే ఆగిపోతుంది. కార్డు మంచిదే, యంత్రమే ససేమిరా అంటుంది. అందుకే ల్యాప్‌టాప్ నమూనా పేరు, పాత కార్డు మీది నంబరు రాసుకుని, పనిచేయకుంటే తిరిగి తీసుకుంటారా అని అడిగి కొనడం మేలు. పలుచటి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో కార్డు బోర్డుకే అతికి ఉంటుంది. వాటికి ఆ యూఎస్‌బీ పుల్లే దిక్కు, కొన్ని వందల్లో దొరుకుతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఏఎక్స్ 200 తెప్పించారు. పెద్దాయన అడుగు మూత విప్పి, ముందుగా బ్యాటరీ తీగ పీకాడు. ఆ పని మరచి చేయి పెడితే నిజంగానే బోర్డు పోవచ్చు. కార్డుకు తగిలించిన రెండు సన్నటి తీగలు తెర అంచుల్లోని యాంటెన్నాలకు పోతాయి. ఏ తీగ ఎక్కడిదో గుర్తుపెట్టుకుని, గోటితో మెల్లగా పైకి లేపాడు. వాటి కొనలు మినుము గింజ కన్నా చిన్నవి. వంకరగా నొక్కితే నలిగిపోతాయి, అప్పుడు కొత్త కార్డున్నా సిగ్నల్ అందదు. ఒక్క మర బిగించడంతో పని ముగిసింది. కార్డుకు, కూలికి కలిపి రెండు వేల లోపే అయింది.

గదికి వెళ్ళాక మళ్ళీ కంగారు. వైఫై ఒక గీతే చూపించింది! లోపం కార్డుది కాదు. ఇంటివారి రౌటర్‌కూ గదికీ మధ్య రెండు మందపాటి రాతి గోడలున్నాయి. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు అలాంటి గోడల దగ్గర త్వరగా నీరసిస్తాయి. 2.4కు మార్చగానే గీతలు పెరిగాయి. వేగం కాస్త తగ్గినా ఆ రాత్రే ఫీజు కట్టేసి, అప్పు వద్దని తండ్రికి ఫోన్ చేశాడు.