పసిపిల్లల లెక్కలపాఠము: ఒక శిక్షణార్థిని యనుభవము



బిడ్డ యొకటి మొదలు నూరు వరకు తడబడక చెప్పినచో "మా వానికి లెక్కలు వచ్చినవి" అని మనము మురిసిపోవుదుము. మురియదగినదే. కాని అంకెల పేరులు వల్లించుట వేరు, సంఖ్యను గ్రహించుట వేరు. ఈ రెంటికిని నడుమ నెంత దూరము కలదో, ప్రాథమికోపాధ్యాయ శిక్షణలో భాగముగా రెండవ తరగతికి నేను చెప్పిన యొక పాఠమువలన నాకు తేటపడినది. ఇది పంతులమ్మలకే గాక తల్లులకును పనికివచ్చు విషయమని తోచి యిచ్చట వ్రాయుచున్నాను.

నాటి పాఠము "పదులు, ఒకట్లు." పిల్లలు ఇరువదియెనమండ్రు, కాలము నలువది నిమిషములు. మొదట పలకలు తీయించి "ఇరువదిమూడు" వ్రాయుడంటిని. పెక్కుమంది 23 అని వ్రాసిరి. ఇద్దరు ముగ్గురు 32 అని వ్రాసిరి. ఒక బాలిక మాత్రము 203 అని వ్రాసెను. ప్రక్కవారు నవ్విరి. "అది మొద్దు, టీచర్!" అని యొక పిల్లవాడు బిగ్గరగా ననెను. ఆ మాట వాడు కల్పించినది కాదు. పెద్దల నోట విని నేర్చినదే. బాలిక పలకను గుండెకు హత్తుకొని తల వంచుకొనెను.

ఆ పలకమీద నున్నది తెలివితక్కువతనమా? ఒక్క నిమిషము ఆలోచింపుడు. ఆమె చెవికి "ఇరువది" అనియు, పిదప "మూడు" అనియు వినబడినవి. ఇరువదిని 20 అని వ్రాసి దానిచెంత 3 చేర్చెను. విన్నదానిని విన్నట్లు వ్రాసినది. ఇట్టి వ్రాత అనేక దేశముల పిల్లలలో గానవచ్చునదే. ఆమెకు తెలియనిదొక్కటే: 2 అను అంకె తాను నిలిచిన చోటుచేతనే ఇరువది యగునని. ఈ స్థానవిలువ కంటికి గనబడదు, చెవికి వినబడదు. సున్నతో లెక్కించు విధులను బ్రహ్మగుప్తుడు క్రీ. శ. 628లో గ్రంథస్థము చేసెను. అంతకు ముందు ఎన్ని శతాబ్దుల యాలోచన దాని వెనుక నున్నదో! మానవజాతి యంత కాలము శ్రమించి సాధించిన దానిని ఏడేండ్ల బిడ్డ ఒక్క పూటలో గ్రహింపవలెనని మనము తొందరపడుదుము.

ఈ విషయమున మన తెలుగు పిల్లలకొక మేలు కలదు. ఇరువదియొకటి మొదలుకొని మనము పదులను ముందు, ఒకట్లను వెనుక పలుకుదుము; వ్రాతయు నట్లే. జర్మనుభాషలో ఒకట్లను ముందు పలుకుదురు. హిందీలో నూరువరకు పేరులు చాలవరకు వేర్వేరుగా కంఠస్థము చేయవలసియుండును. మనకు చిక్కంతయు పదకొండు, పన్నెండు, పందొమ్మిది వంటి పేరులలోనే. వానిలో పదియు ఒకట్లును కలిసిపోయి పసివారికి తెలియరావు.

పిమ్మట చీపురుపుల్లలు విరిచి పిల్లలకు పంచితిని. పదేసి లెక్కించి దారముతో కట్టలు కట్టుడంటిని. అందరికన్న ముందు కట్టినది ఆ బాలికయే. ఎట్లు నేర్చితివని యడుగగా, "మా అమ్మ సంతలో తోటకూర కట్టలు అమ్మును, టీచర్" అనెను. నేలపై సుద్దతో రెండు గదులు గీసితిని: ఎడమ వైపు కట్టల గది, కుడి వైపు విడిపుల్లల గది. ఆమె రెండు కట్టలు ఒకచోట, మూడు పుల్లలు వేరొకచోట నుంచి, క్రింద 2, 3 అని వ్రాసెను. "మరి నీవు ముందు వ్రాసిన సున్న యేమైనది?" అంటిని. కొంతసేపు చూచి, "కట్టలోనికి పోయినది" అని బదులు చెప్పెను. ఇంతకన్న చక్కని సమాధానము నా పాఠ్యప్రణాళికలో లేదు.

అంతటితో నంతయు నేర్చెనని చెప్పజాలను. మరునాడు ముప్పదియైదును 305 అనియే వ్రాసెను. కాని ఈసారి తనంత తానే చూచుకొని, తుడిచి, 35 చేసెను. 32 వ్రాసినవారి చిక్కు వేరు. వారికి ఏ గది యే వైపుననో మరల మరల చూపవలసివచ్చెను. పర్యవేక్షణకు వచ్చిన పెద్ద పంతులమ్మగారు నాతో, "అమ్మా, పిల్లల తప్పును దిద్దుటకు ముందు దానిని చదువవలెను" అనిరి.

1907లో రోమునగరమున బాలగృహమును నెలకొల్పిన మరియా మాంటిస్సోరీ, పది పూసలను ఒక తీగకు గ్రుచ్చి ఈ పాఠమునే నేర్పెను. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ యొసగెను. పూసలు దొరకనిచోట చీపురుపుల్లలే చాలును.

తల్లులారా! మీ యింట చింతగింజలున్నవి, పుల్లలున్నవి, పదిరూపాయల నోట్లును రూపాయి నాణెములును ఉన్నవి. ఇరువదిమూడు రూపాయలను బిడ్డచేత నెంచి యిప్పింపుడు. తప్పు వ్రాసినచో "ఎట్లు చేసితివి?" అని మెల్లగా నడుగుడు, వాని యాలోచన వాని నోటనే బయటపడును. మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డకును చదువు, లెక్కల పునాది కలుగవలెనని భారత ప్రభుత్వము 2021లో నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ఆరంభించెను. బడి చేయవలసినది బడి చేయును. కాని "మొద్దు" అను మాట ఇంటనుండి బడికి పోకుండ ఆపగలవారు తల్లులే. ఆ మాట యొకసారి మనస్సున నాటుకొన్న బిడ్డ పలకను దాచుకొనును. దాచిన పలకను ఏ గురువును చదువజాలడు.