మతిమరుపుకు టీకా వస్తుందా?

పోలియోకు, తట్టుకు, ధనుర్వాతానికి టీకాలున్నాయని మీకు తెలుసు. మరి మతిమరుపుకు టీకా వేయవచ్చా?

తాళంచెవి ఎక్కడో పెట్టి వెతుక్కోవటం మామూలు మరుపు. ఆ తాళంచెవి దేనికో, ఎదుట నిలబడిన కొడుకు ఎవరో తెలియకపోతే అది జబ్బు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో అలోయిస్ ఆల్జైమర్ అనే డాక్టరు ఇలాంటి రోగిని పరీక్షించాడు. ఆమె వయస్సు 51 ఏళ్ళే. తన పేరు రాయమంటే పూర్తిగా రాయలేకపోయింది. 1906లో ఆమె చనిపోయాక డాక్టరు ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో చూశాడు. నాడీకణాల మధ్య గారకట్టినట్లు మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారాలవంటి పోగులు కనిపించాయి. ఆ మచ్చల్లో ముఖ్యంగా ఉన్నది అమిలాయిడ్ బీటా అనే ప్రోటీను అని 1980లలో తేలింది.

టీకా అంటే ఏమిటి? దొంగ ఫోటోను ముందుగా పోలీసులకు చూపించటం వంటిది. శరీరం ఆ దొంగను గుర్తుపట్టే యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. అయితే అమిలాయిడ్‌నే టీకాగా ఇస్తే?

1999లో అమెరికాలో డేల్ షెంక్, అతని సహచరులు ఈ పనే చేశారు. ఈ మచ్చలు ఏర్పడేలా జన్యువు మార్చిన ఎలుకలకు టీకా వేశారు. చిన్న వయస్సులో టీకా పొందిన ఎలుకల మెదడులో మచ్చలు దాదాపు ఏర్పడనే లేదు! 2000లో మరో పరీక్ష జరిగింది. నీటితొట్టిలో మునిగి ఉన్న చిన్న అరుగును ఎలుక ఈదుతూ వెతకాలి, మర్నాడు దాని చోటు గుర్తుంచుకోవాలి. టీకా పొందిన జబ్బు ఎలుకలు, పొందనివాటికంటె బాగా గుర్తుంచుకున్నాయి.

2001లో సుమారు 300 మంది రోగులకు ఈ టీకా వేశారు. వారిలో 18 మందికి మెదడువాపు వచ్చింది. 2002 జనవరిలో టీకా వేయటం ఆపేశారు. మన రక్తంలోని టీ-కణాలు రెచ్చిపోవటమే కారణమని శాస్త్రజ్ఞులు భావించారు. తర్వాత చనిపోయిన కొందరి మెదళ్ళను పరీక్షిస్తే మచ్చలు చాలావరకు పోయాయి. కాని వారి జబ్బు మాత్రం ఆగలేదు! ఇల్లు కాలాక నీళ్ళు పోసినట్లు చికిత్స ఆలస్యమైందా? లేక అసలు దొంగలు ఇంకా ఉన్నారా?

ఓటమి కూడా ఒక పాఠమే. ఇప్పుడు టీ-కణాలు రెచ్చిపోకుండా అమిలాయిడ్‌లో చిన్న ముక్కను మాత్రమే వాడే టీకాలను, కణాల్లోని చిక్కుపోగులపై పనిచేసే టీకాలను ప్రయోగిస్తున్నారు. యాంటీబాడీలనే బయట తయారుచేసి ఎక్కించే లెకానెమాబ్ అనే మందును 2023లో అమెరికా ఆమోదించింది. అది జబ్బును కొంత నెమ్మదింపజేస్తుంది, నయం చేయదు.

టీకా ఇంకా దారిలోనే ఉంది. అంతవరకు మీ తాతయ్య అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగితే విసుక్కోకండి. మళ్ళీ జవాబు చెప్పండి.